విండో ఈవెంట్లలో తప్పు పట్టడానికి ఏది మేలు: లాగ్ అచ్చేయడమా, బ్రేక్‌పాయింట్ పెట్టడమా?

ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులకు మేత లెక్క రాసుకునే వెబ్ పేజీ ఒకటి ఉందనుకుందాం. వేరే ట్యాబ్‌కు పోగానే విండో బ్లర్ ఈవెంట్‌తో (పేజీ మీంచి ఫోకస్ పోయిందని బ్రౌజర్ ఇచ్చే కబురు) లెక్క సేవ్ కావాలి. కానీ పొద్దున వేసిన 40 కిలోలు మూడుసార్లు ఎక్కుతున్నాయి.

ఇలాంటి చోట బ్రేక్‌పాయింట్ (కోడ్‌ను ఒక లైన్ దగ్గర ఆపే గుర్తు) పెడితే పని చెడుతుంది. కోడ్ ఆగాక డెవ్‌టూల్స్‌లో (తప్పులు వెతకడానికి బ్రౌజర్‌లోనే ఉండే ప్యానెల్) క్లిక్ చేయగానే ఫోకస్ అటు పోతుంది, ఇంకో బ్లర్ పుడుతుంది. విండో సైజు మారినప్పుడు వచ్చే రీసైజ్‌దీ ఇదే తంతు: పేజీకి అతుక్కున్న డెవ్‌టూల్సే వెడల్పు మార్చేస్తాయి, విడి విండోగా తీసి పెట్టుకోవాలి.

ఫోకస్, బ్లర్, రీసైజ్‌లకు లాగ్, అంటే కోడ్ ఆపకుండా కన్సోల్‌లో ఒక లైను అచ్చేయడమే మేలు. కోడ్ ముట్టుకోనక్కర్లేదు: డెవ్‌టూల్స్ సోర్సెస్ ట్యాబ్‌లో లైన్ నంబర్ మీద రైట్ క్లిక్ చేసి లాగ్‌పాయింట్ పెడితే చాలు. క్రోమ్ కన్సోల్‌లో మానిటర్‌ఈవెంట్స్(విండో, 'బ్లర్') అన్నా సరే, కానీ అది ఈవెంట్ వచ్చిందని చెబుతుందే తప్ప ఏ హ్యాండ్లర్ (ఈవెంట్ రాగానే నడిచే ఫంక్షన్) నడిచిందో చెప్పదు. లాగ్‌తోనూ ఒక చిక్కుంది. ఈవెంట్ ఆబ్జెక్ట్‌ను అచ్చేసి తర్వాత విప్పి చూస్తే కరెంట్‌టార్గెట్ (హ్యాండ్లర్‌ను దేనికి తగిలించామో అది) నల్, అంటే ఖాళీ అని ఉంటుంది. హ్యాండ్లర్ తప్పు కాదది, ఈవెంట్ అప్పటికే ముగిసిపోయింది. కావలసిన విలువను విడిగా అచ్చేయండి.

క్లిక్, లోడ్, బిఫోర్‌అన్‌లోడ్‌లకు (పేజీ వదిలే ముందు వచ్చే ఈవెంట్) మాత్రం బ్రేక్‌పాయింటే. సోర్సెస్‌లోనే ఉండే ఈవెంట్ లిజనర్ బ్రేక్‌పాయింట్స్‌లో టిక్ పెడితే హ్యాండ్లర్ మొదటి లైన్లోనే ఆగుతుంది. మీ కోడ్‌లో కాక జేక్వెరీ లైబ్రరీ ఫైల్లో ఆగుతుంటే దాన్ని ఇగ్నోర్ లిస్ట్‌లో (ఆగకుండా దాటేయాల్సిన ఫైళ్ల జాబితా) వేయాలి. పేజీ మారితే లాగ్ చెరిగిపోతుంది కాబట్టి, లాగ్ పద్ధతే కావాలంటే కన్సోల్‌లో ప్రిజర్వ్ లాగ్ ఆన్ చేయాలి. పేజీని ఒక్కసారైనా తాకకుండా మూసేస్తే బిఫోర్‌అన్‌లోడ్ హెచ్చరిక రాదు. దాన్ని బగ్ అనుకుని గంటలు పోగొట్టుకోవద్దు. ఫోన్లలో ఆ ఈవెంటే రాకపోవచ్చు, గట్టు మీద సెల్‌లో రాసే లెక్కకు విజిబిలిటీఛేంజ్ (పేజీ కనబడటం, మరుగవడం మారినప్పుడు వచ్చే ఈవెంట్) నయం.

అసలు ఈ రెండిటికన్నా ముందు కన్సోల్‌లో గెట్‌ఈవెంట్‌లిజనర్స్(విండో).బ్లర్ అడగండి. మూడు హ్యాండ్లర్లు కనబడితే దొంగ దొరికినట్టే: చెరువు మార్చినప్పుడల్లా కొత్త యారో ఫంక్షన్‌తో యాడ్‌ఈవెంట్‌లిజనర్ (హ్యాండ్లర్‌ను తగిలించే ఆదేశం) నడుస్తోంది. అదే ఫంక్షన్‌ను మళ్లీ ఇస్తే బ్రౌజర్ పట్టించుకోదు, కొత్తదైతే పక్కన చేరుస్తుంది. తీసేయాలన్నా అదే ఫంక్షన్, తగిలించినప్పటి అదే క్యాప్చర్ విలువ (ట్రూ లేదా ఫాల్స్) ఇవ్వాలి. ఆ లైన్‌ను చెరువు మార్చే కోడ్ బయటికి తెచ్చి, నాలుగు చెరువులు మార్చి, మళ్లీ అడగండి. ఒక్కటే రావాలి.