నెల్లూరు శాసనాల సంపుటాలు: పన్నెండేళ్లు వాడాక

లైబ్రరీలో రిఫరెన్సు బల్ల దగ్గర నేను కూర్చోబట్టి పన్నెండేళ్లు. "మా ఊళ్లో రాతి మీద ఏందో రాసుంది, చూసి చెప్పండి" అని ఎవరైనా వస్తే ముందు తీసేది బట్టర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కూర్చిన నెల్లూరు జిల్లా శాసనాలే. 1905లో మద్రాసులో అచ్చయిన మూడు సంపుటాలు. మా దగ్గరున్నవి జిరాక్సులు, రెండో దాని బైండింగు నా చేతుల్లోనే ఊడింది.

శాసన పాఠంతోపాటు ఇంగ్లీషు వివరణ ఇచ్చారు. శాసనాలు తాలూకాల వారీగా ఉంటాయి. చిక్కంతా అక్కడే. దర్శి, పొదిలి, కనిగిరి ఇందులో దొరుకుతాయి, ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో కదా. మార్కాపురం ఆయన్ను గంటసేపు కూర్చోబెట్టి మూడూ తిరగేశాక గుర్తొచ్చింది, ఆ వైపంతా అప్పట్లో కర్నూలు జిల్లా అని. కందుకూరైతే 1970లో ప్రకాశంలోకి పోయి 2022లో మళ్లీ నెల్లూరుకొచ్చింది. అందుకే ఇప్పుడు జిల్లా అడగను, "మీ తాతల నాడు తాలూకా ఏదండీ?" అంటాను.

నెట్‌లో స్కాన్లున్నాయి గానీ తెలుగులో వెతికితే నాకెప్పుడూ దొరకలేదు. ఊరి పేరుకు పాత ఇంగ్లీషు స్పెల్లింగు ఊహించుకోవాల్సిందే.

ఒకసారి ఒక పెద్దాయన ఫోన్లో ఫొటో తెచ్చాడు. సున్నం కొట్టిన రాయి, కింది సగం మట్టిలో. "మా గుడి ఎన్నేళ్లదో చెప్పు నాయనా" అన్నాడు. ఆ ఊరి శాసనం దొరికింది: శక వర్షం 1437, యువ సంవత్సరం. శక వర్షానికి 78 కలిపితే ఇంగ్లీషు ఏడు వస్తుంది, అంటే 1515. (పుష్యం, మాఘం లాంటి నెలలైతే 79 కలపాల్సి రావచ్చు. శకం అంకె చెదిరిపోయి 'యువ' ఒక్కటే మిగిలితే మాత్రం అరవై ఏళ్లకోసారి వచ్చే పేరు, ఏ యువ అనుకోవాలి?) "ఐదొందల ఏళ్లది పెద్దాయనా" అన్నాను. నెల తిరక్కుండానే తిరునాళ్ల ఫ్లెక్సీ కనిపించింది: '1515లో కట్టిన గుడి'.

శాసనంలో ఉన్నది ఆ ఏడు దేవుడికి పొలం రాసిచ్చిన సంగతి. అంటే గుడి అప్పటికే ఉంది. పుస్తకం తప్పేం చెప్పలేదు, తొందరపడింది నేనే.

అప్పట్నుంచి చీటీ మీద రెండు లైన్లు రాసిస్తున్నాను. శాసనం తేదీ ఇది. గుడి ఎప్పుడు కట్టారో ఇందులో లేదు. చాలామంది ఆ రెండో లైను కనపడకుండా మడిచి జేబులో పెట్టుకుంటారు.