కొన్న పాత ఇంట్లో వదలని వాసనలు: నెల్లూరులో మూడేళ్ల అనుభవం

2022 మే నెలలో నెల్లూరు వేదాయపాళెంలో మేము ఒక పాత ఇల్లు కొన్నాము. అమ్మినవారు చెన్నైలో స్థిరపడడంతో ఆ ఇంటికి దాదాపు ఏడాదిగా తాళం వేసి ఉంది. 2021 నవంబరులో పెన్నాకు వరద వచ్చినప్పుడు ఆ వీధిలోకి నీళ్లు రాలేదని ఇరుగుపొరుగును అడిగి నిర్ధారించుకున్నామే తప్ప, ఇంట్లో వాసన గురించి ఎవరినీ అడగలేదు. తాళం తీసిన రోజున లోపలి నుంచి వచ్చిన కంపుకు, "మూసిన ఇల్లు కదా, నాలుగు రోజులు కిటికీలు తెరిచి పెడితే పోతుంది" అని బంధువులందరూ ధైర్యం చెప్పారు. నెల రోజులు తెరిచి పెట్టినా పోలేదు. మేము ఒకటే అనుకున్నది నిజానికి నాలుగు వాసనలని, ఒకదానికి పనిచేసిన మందు మరొకదానికి చెరుపు చేస్తుందని తెలుసుకోవడానికి మాకు ఏడాది పైనే పట్టింది.

అన్నిటికంటే తేలికగా పోయింది మురుగు వాసన. వెనుకగది స్నానాల గదిలో కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే రెండు సీసాల ఫినాయిల్ పోశాము, గంటసేపు మాత్రమే ఊరట దొరికింది. చివరికి ప్లంబరును పిలిస్తే అతను జాలీ ఎత్తి టార్చిలైటు వేసి చూపించాడు. కింద ఉన్న నహానీ ట్రాపు, అంటే నీరు నిలిచేలా వంపు ఉన్న మురుగు గిన్నె, పూర్తిగా ఎండిపోయి, దాని అంచున ఉప్పునీటి తెల్లటి చార మాత్రం మిగిలి ఉంది. సాధారణంగా ఆ వంపులో రెండు అంగుళాల లోతున నిలిచే నీరే మురుగు గొట్టంలోని గాలి ఇంట్లోకి రాకుండా అడ్డుకుంటుంది. ఏడాదిపాటు ఎవరూ వాడకపోతే నెల్లూరు ఎండలకు ఆ నీరు ఎక్కడ నిలుస్తుంది? అతను ఒక బక్కెట్టు నీళ్లు పోశాడు, మరునాటికి వాసన లేదు. ఇప్పటికీ ఆ స్నానాల గదిని అతిథులు వస్తే తప్ప వాడము కాబట్టి ప్రతి ఆదివారం ఒక చెంబెడు నీళ్లు పోస్తాము. ఊరికి వెళ్లేటప్పుడు పైన ఒక చెంచాడు వంటనూనె కూడా వేస్తాము, నూనె పొర కింద నీరు త్వరగా ఆవిరి కాదు.

ముందుగది సంగతి ఇంత సులువుగా తేలలేదు. పాత యజమాని తండ్రి ఆ గదిలోనే కూర్చుని ఏళ్ల తరబడి సిగరెట్లు కాల్చేవారని పక్కింటివారు తర్వాత చెప్పారు. మొదటి రెండు నెలలూ మేము గాలిని బాగుచేయాలని చూశాము. అమ్మ ప్రతి శుక్రవారం సాంబ్రాణి వేసేది, నేను యాక్టివేటెడ్ కార్బన్ సంచులు తెప్పించి వేలాడదీశాను, గిన్నెల్లో వంటసోడా పోసి మూలల్లో పెట్టాను. సాంబ్రాణి పొగ ఉన్నంతసేపు హాయిగానే ఉండేది కానీ, తెల్లవారేసరికి రెండు వాసనలూ కలిసి తల బరువెక్కించేవి. ఒక్క గ్రాము కార్బన్‌లో వందల చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుందని, వాసనలను అది పట్టుకుంటుందని చెప్పేది నిజమే, మూసిన బీరువాలో ఆ సంచులు ఈనాటికీ చక్కగా పనిచేస్తున్నాయి. తెరిచిన గదిలో మాత్రం నాకు తేడా తెలియలేదు, ఎందుకంటే వాసన గాలిలో కాదు, గోడలో ఉంది.

అది మాకు తెలిసింది ఒక ఆదివారం నా భార్య స్విచ్‌బోర్డు పక్కన గోడను తడిగుడ్డతో తుడిచినప్పుడు. గుడ్డ టీ డికాక్షన్ రంగుకు తిరిగింది, గోడ మీద గోధుమరంగు చారలు సన్నగా కిందికి జారాయి, ఆ తడికి సిగరెట్టు వాసన అప్పుడే కాల్చినట్టుగా లేచింది. సిగరెట్టు పొగలోని నికోటిన్, తారు జిడ్డు గోడలకు, కర్టెన్లకు, చెక్కకు పట్టి నెలల తరబడి కొద్దికొద్దిగా గాలిలోకి వాసన వదులుతూనే ఉంటాయి. మేము కర్టెన్లు, వారు వదిలి వెళ్లిన సోఫా తీసివేసి, వేడినీళ్లలో చాకలిసోడా కలిపి, చేతి తొడుగులు వేసుకుని గోడలను రెండుసార్లు కడిగించాము. రంగులు వేసే ఆయన నేరుగా ఎమల్షన్ వేద్దామన్నారు కానీ, నీటితో కలిపే రంగుల గుండా ఆ మరక మళ్లీ పైకి వస్తుంది కాబట్టి మేము పట్టుబట్టి ముందుగా ఆయిల్ ప్రైమర్ రెండు పూతలు వేయించాము. మేము పెట్టిన ఖర్చులన్నిటిలో ఇదే ఉత్తమమని నా అభిప్రాయం.

అయినా ఒక పొరపాటు చేశాము. 2023 రోహిణి కార్తె ఎండల్లో, మధ్యాహ్నం ఫ్యాను వేసినప్పుడల్లా పాత వాసన పలచగా తిరిగి వచ్చింది. పొగ పైకే పోతుందన్న చిన్న సంగతి మరచిపోయి, డబ్బు మిగులుతుందని గోడలకే ప్రైమర్ వేయించి, పైకప్పుకు మామూలు తెల్లరంగుతో సరిపెట్టాము. ఫ్యాను రెక్కల పైభాగం వేలితో తాకితే జిగురుగా తగిలింది. రెక్కలు కడిగి, పైకప్పుకు కూడా అదే పద్ధతిలో ప్రైమర్ వేయించాక, ఆ తర్వాతి రెండు వేసవుల్లోనూ వాసన రాలేదు.

ఉత్తరపు గది మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా కష్టపెట్టింది. మేలో ఇల్లు చూసినప్పుడు ఆ గదిలో ఏ వాసనా లేదు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, ఆ జల్లు ఉత్తర, తూర్పు గోడలను కొడుతుంది. ఆ ఏడాది నవంబరులో గది నిండా ముక్కిన బియ్యం లాంటి చెమ్మ వాసన పట్టుకుంది. ముందుగదిలో మేలు చేసిన ఆయిల్ ప్రైమరే మిగిలి ఉంది కదా అని ఇక్కడా వేయించాను. మూడు వారాలలో గోడ మీద అరచేతి వెడల్పున బొబ్బలు లేచాయి, ఒకదాన్ని గోటితో గిల్లితే లోపల తడి మట్టి, నల్లటి బూజు కనిపించాయి. సిగరెట్టు మరకను లోపలే బంధించాలి, చెమ్మను మాత్రం బయటికి పోనివ్వాలి అన్న తేడా నాకు అప్పటికి తెలియదు. మేస్త్రీ వచ్చి చూసి, "ఎండని గోడకు ఏం పూసినా పొట్టు లేస్తాది సార్, ముందు నీళ్లు ఎక్కడినించి వస్తుండాయో చూద్దాం" అన్నాడు. పిట్టగోడ మొదట్లో చీలిక, వాననీటి గొట్టం అతుకులో సందు దొరికాయి. రెండూ పూడ్చి, పూత గీకించి, వేసవి అంతా గోడను ఆరనిచ్చి, మూడు పూతలు తడిసున్నం వేయించాము. సున్నం ఘాటైన క్షారం కాబట్టి దాని మీద బూజు అంత సులువుగా పట్టదు, ఎమల్షన్ లాగా చెమ్మను లోపల బిగించదు. గోడకు ఆనుకుంటే వీపుకు తెల్లగా అంటుతుంది, ఏటా సంక్రాంతికి ముందు ఒక పూత వేయించాలి. ఆ ఇబ్బందిని మేము సంతోషంగా భరిస్తున్నాము.

వంటింటి అలమరలో ఎండుచేపల నీచు వాసన ఉండేది. దానికి వెనిగర్, నీళ్లు సమంగా కలిపి తుడిస్తే సరిపోయింది. చేపల నీచుకు కారణమైన పదార్థం క్షారగుణం కలది, పులుపు దాన్ని విరిచేస్తుంది. మన చేపల పులుసులో చింతపండు చేసే పని కూడా కొంతవరకు ఇదే. అయితే స్నానాల గదిలో బూజుకు బ్లీచింగ్ పౌడరు వాడేవారు దానితో వెనిగర్‌ను గానీ, యాసిడ్‌ను గానీ ఎప్పుడూ కలపవద్దు. అలా కలిస్తే వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులకు ప్రమాదం.

ముందుగదిలోని పాత టేకు బీరువా లోపల, పూత లేని చెక్కలో, సిగరెట్టు వాసన ఇంకా కొద్దిగా ఉంది. అందులో బట్టలు పెట్టడం మానేసి పుస్తకాలు పెట్టుకున్నాము. కిందటి డిసెంబరు వానల్లో ఉత్తరపు గోడకు అరచెయ్యి ఆనించి చూశాను, పొడిగా ఉంది. కిటికీ కింది మూలలో మాత్రం జానెడు మేర చౌడు ఇంకా పూస్తూనే ఉంది, వచ్చే వేసవిలో అక్కడ పెచ్చు కొట్టించి మళ్లీ సున్నం వేయించాలి.