కంటోన్మెంటు అమ్మమ్మ కోసం లండన్‌లో ఆరు రోజులు

మా అమ్మాయి ఈలింగ్‌లో ఉంటుంది. ఈసారి నేను వెళ్ళేముందు, ముప్పై ఏళ్ళు ఆఫీసులో నా పక్క కుర్చీలో కూర్చున్న స్నేహితురాలు ఒక మడత కాగితం చేతిలో పెట్టింది. వాళ్ళది లాలాగూడ రైల్వే క్వార్టర్సులో స్థిరపడిన ఆంగ్లో ఇండియన్ కుటుంబం. "మా అమ్మమ్మకు తాతమ్మ ఐర్లండ్ నుంచి పటాలంతో ఓడెక్కి సికింద్రాబాద్ వచ్చిందట. ఎలాగూ వెళ్తున్నావు కదా, కాస్త చూసి రా" అంది, సంతలో కొత్తిమీర కట్ట తెమ్మన్నట్టు. కాగితం మీద ఉన్నవి ఆమె భర్త పేరు, పటాలం సంఖ్య. ఆ సంఖ్య ఇక్కడ రాయను, ఇంటివాళ్ళకు ఇష్టం లేదు. ఆమె పేరు మాత్రం వాళ్ళకే తెలియదు.

మొదటి మూడు రోజులు లండన్‌లో 'క్యూ' (Kew) అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కు, అంటే బ్రిటన్ ప్రభుత్వ పాత దస్త్రాల భవనానికి ఇచ్చాను. క్యూ గార్డెన్స్ స్టేషన్‌లో దిగి పది నిమిషాలు నడవాలి. ఆది, సోమవారాలు మూత. రీడర్ టికెట్టు ఉచితమే, కానీ పాస్‌పోర్టుతో పాటు చిరునామాకు వేరే రుజువు కావాలి. బాల్‌పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. ఫోనుతో ఫొటోలు ఎన్ని తీసుకున్నా డబ్బు అడగరు. ఎండ కాస్తే బయట చెరువు గట్టున కూర్చుని డబ్బాలోని పులిహోర తినవచ్చు, నేను తిన్నాను.

ముందే ఆర్డరు పెట్టిన డబ్ల్యూఓ (వార్ ఆఫీస్, అంటే సైనిక శాఖ) 12 వరుసలోని సిపాయిల హాజరు పుస్తకాలు వచ్చాయి. మన పాత కరణాల దస్త్రాలకు అన్నల్లాంటివి. స్పాంజి దిమ్మెల మీద ఆనించి మెల్లగా తెరవాలి. తోలు అట్ట పొడి రాలి వేళ్ళకు ఇటుక రంగు అంటుకుంది. సిపాయికి ఎన్ని రోజుల జీతం ముట్టిందో, ఎన్నాళ్ళు ఆస్పత్రిలో ఉన్నాడో, ఎప్పుడు ఖైదులో వేశారో, అన్నీ మూడు నెలలకొకసారి రాసి పెట్టారు. భార్య ఊసే లేదు. భార్యాపిల్లల జాబితాలు ఈ పుస్తకాల్లో కనిపించేది 1868 తర్వాత, అదీ అన్నింటిలో కాదు. మాకు కావలసింది 1840ల నాటి మనిషి.

అసలు భర్త వెంట వెళ్ళడమే భార్యలందరికీ దక్కేది కాదు. నెపోలియన్ యుద్ధాల కాలంలో నూరుగురు సిపాయిలుండే కంపెనీకి ఆరుగురు భార్యలు వెళ్ళవచ్చని లెక్క. ఓడరేవులో టోపీలో చీటీలు వేసి తీయించేవారు. కొన్నింటి మీద 'వెళ్ళాలి', కొన్నింటి మీద 'వెళ్ళకూడదు'. రెండోది వచ్చినామె పిల్లలతో రేవులోనే మిగిలిపోవాలి. ఇండియాకు వచ్చే పటాలాలకు సంఖ్య కొంత ఎక్కువే కానీ చీటీ బెడద తప్పలేదు. వెళ్ళినవాళ్ళు బట్టలుతికి, రోగులను చూసుకుని నాలుగు పైసలు సంపాదించుకునేవారు. ఇంత చాకిరీ చేసినా పుస్తకంలో ఒక గడి దక్కలేదు!

మూడో రోజు సాయంత్రం భర్త దొరికాడు. 'మరణించాడు, సికింద్రాబాద్' అని ఒక గడి, పక్కన పుట్టిన ఊరు, చేతిపని: నేత. ఐర్లండ్ నేతగాడు దక్కన్‌లో పోయాడు. ఆ తర్వాత క్యూ నాకు చెప్పింది ఏమీ లేదు.

నాలుగో రోజు నుంచి బ్రిటిష్ లైబ్రరీకని సెయింట్ పాంక్రస్ దగ్గర ఒక గది తీసుకున్నాను. పేరు చెప్పను కానీ అలాంటి గది ఎవరికీ సిఫార్సు చేయను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, రాత్రి పదికి హీటరు ఆగిపోయేది, ఉదయం ఫలహారం చల్లారిన చిక్కుడు గింజలు. ప్రయాణం కలిసొస్తుందని డెబ్బై పౌండ్లు పోశాను. అమ్మాయి ఇంటి నుంచి రోజూ రైల్లో తిరిగినా అంతకంటే సుఖంగా ఉండేది.

లైబ్రరీ మాత్రం చలిని మరిపించింది. మూడో అంతస్తులో ఇండియా ఆఫీసు దస్త్రాలు. మద్రాసు ప్రెసిడెన్సీ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల వరుస పేరు ఎన్/2. అవి ఇప్పుడు ఫైండ్‌మైపాస్ట్ అనే, పూర్వీకులను వెతికే వెబ్‌సైట్‌లో ఉన్నాయి కాబట్టి పుస్తకం కాక తెరే చూడాలి. ఇంత దూరం విమానమెక్కి వచ్చింది తెర చూడటానికా అని నవ్వొచ్చింది. చందా కడితే ఇదే పని సికింద్రాబాద్‌లో కుర్చీలో కూర్చుని చేయవచ్చు. బ్రిటిష్ ఇండియాలోని కుటుంబాల చరిత్ర చూసే ఫిబిస్ అనే సంస్థ సూచికలు ఉచితం కూడా. ముందు అక్కడ వెతికి, దొరకనిదానికే ప్రయాణం పెట్టుకోండి.

నేతగాడు పోయిన మూడు నెలలకు అదే కంటోన్మెంటులో ఒక పెళ్ళి. వధువు 'విధవ', ఆమె ఇంటిపేరు అతనిదే. వరుడు ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు ఆర్టిలరీలో గన్నర్, అంటే ఫిరంగి సిపాయి. నాకు మొదట తొందరపాటనిపించింది. తర్వాత లెక్క వేసుకున్నాను: భర్త పోయాక భత్యం కొద్ది నెలలే. ఆ గడువులో ఓడెక్కాలి, లేదా మళ్ళీ పెళ్ళాడాలి. చంకలో పిల్ల ఉంది. ఆ పిల్లే నా స్నేహితురాలి పూర్వీకురాలు. గన్నర్ కూడా పోయాక ఆమె ఇంకొకరిని చేసుకుంది. మూడు ఇంటిపేర్లు. ఖననం మూడో పేరున ఉంది, అందుకే ఇంట్లో ఎవరికీ చిక్కలేదు. ఇంకో సంగతి, ఈస్టిండియా కంపెనీ సిపాయిల కాగితాలు ఈ లైబ్రరీలో, బ్రిటన్ రాణి సైన్యపు పటాలాలవి క్యూలో. భర్త మారితే భవనమూ మారుతుంది. ముందు 'ఎవరి సిపాయి' అని తేల్చుకోకపోతే రోజులు వృథా.

చెల్సీలోని నేషనల్ ఆర్మీ మ్యూజియం ఒక పూట చాలు. ప్రవేశం ఉచితం, బొమ్మలు బాగున్నాయి, మా పనికి ఏమీ దొరకలేదు.

పెళ్ళి నమోదులో వధువు సంతకం చోట గుమాస్తా 'ఆమె గుర్తు' అని రాసి ఒక అడ్డగీత మీద నిలువు గీత గీశాడు. నేను దాని ఫొటో తీయబోయి ఆగాను. లండన్‌లో ఉన్నది పై అధికారులకు పంపిన ప్రతి. ఆమె చేత్తో గీసిన గీత ఇక్కడ లేదు. అది ఉంటే పెళ్ళి జరిగిన చర్చిలోని అసలు రిజిస్టరులోనే ఉండాలి. ఆ చర్చి మా ఇంటికి మూడు కిలోమీటర్లు.

తిరిగొచ్చిన మర్నాడే ఇద్దరం ఆటోలో వెళ్ళాం. అర్జీ రాసివ్వండి, ఆదివారం ఆరాధన అయ్యాక రండి, బీరువా తెరుస్తాం అన్నారు. నా స్నేహితురాలు అర్జీలో 'నా పూర్వీకురాలు' అని రాసి, కొట్టేసి, మొదటిసారిగా ఆమె పేరు రాసింది.