కొండల వేటకు ఒకే రైఫిల్: థర్టీ ఆట్ సిక్స్ తూటాపై నా సమీక్ష

మన శేషాచలం కొండల్లో వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కనుక, తిరుపతిలో పుట్టి పెరిగిన నాకు రైఫిల్‌తో పరిచయం కొలరాడోలో ఉద్యోగంలో చేరాక, అక్కడి లైసెన్సు తీసుకున్న తరువాతే కలిగింది.

1906లో అమెరికా సైన్యం స్వీకరించిన ఈ తూటాకు 150 నుంచి 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువును తూచే చిన్న కొలత) వరకు రకరకాల గుండ్లు ఏ చిన్న ఊరి దుకాణంలోనైనా దొరుకుతాయి. తేలికైనది జింకకు, బరువైనది ఎల్క్ అనే పెద్ద దుప్పికి సరిపోతుంది కాబట్టి, రెండో తుపాకీ కొనవలసిన అవసరం నాకు రాలేదు. భుజానికి తగిలే దెబ్బ మాత్రం గట్టిదే. ఆ విషయంలో 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ అనే మరో తూటా ఎంతో హాయిగా ఉన్నా, దూరాన నిలిచిన ఎల్క్‌పై దాన్ని నేను అంతగా నమ్మను. 1952 నాటి 308 విన్‌చెస్టర్ అనే తూటా మాత్రం థర్టీ ఆట్ సిక్స్‌కు దాదాపు సాటి. దాని తూటా పొట్టిది కావడంతో రైఫిల్ కూడా కొంత తేలికవుతుంది. అలిపిరి మెట్లు ఎక్కి అలవాటున్న నాకే 3000 మీటర్ల ఎత్తున నాలుగు కిలోల తుపాకీ మోయడం భారమైంది సుమా!

ఏ తూటా ఎంచుకున్నా, నిటారు వాలులో పైకి గాని కిందికి గాని కాల్చేటప్పుడు గురి దాకా ఉన్న ఏటవాలు దూరాన్ని కాక, అడ్డంగా కొలిచే సమతల దూరాన్నే లెక్కించాలి. లేకపోతే గుండు గురికి పైన తగులుతుంది.