క్లోమిఫిన్, లెట్రోజోల్ రెండూ వాడాక: మందు పనిచేయడం లేదనిపిస్తే ముందు ఏం తేల్చుకోవాలి

నాకు పీసీఓడీ (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగా విడుదల కాని సమస్య, పీసీఓఎస్ అన్నా ఇదే) ఉంది. పిరియడ్స్ రెండు మూడు నెలలకోసారి వచ్చేవి. పిల్లల కోసం వైద్యం మొదలుపెట్టి చాలా కాలమే అయింది. అండం విడుదల కావడానికి మొదట క్లోమిఫిన్, తర్వాత లెట్రోజోల్ మాత్రలు వాడాను. ఇప్పుడు ఐయూఐ (వీర్యాన్ని శుభ్రం చేసి నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం) దగ్గర ఉన్నాం. మొదటి మందుతో ఫలితం కనపడక, ‘ఇక ఐవీఎఫ్ (టెస్ట్ ట్యూబ్ బేబీ పద్ధతి) తప్పదేమో’ అని రాత్రిళ్లు నిద్రపట్టని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

క్లోమిఫిన్ పాత మందు. అమెరికాలో 1967 నుంచే వాడుకలో ఉంది. నెలసరి మొదలైన రెండో రోజుకీ ఐదో రోజుకీ మధ్య మొదలుపెట్టి ఐదు రోజులు వేసుకోవాలి. ఒంట్లో ఈస్ట్రోజెన్ తక్కువగా ఉందని మెదడు అనుకునేలా చేస్తుంది. దాంతో ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పెరిగి, అండాశయంలో ఫాలికల్ (అండం ఉండే చిన్న సంచి) ఎదుగుతుంది. ఖరీదు తక్కువ, ఇంజెక్షన్ల బాధ లేదు.

నాకు 50 ఎంజీతో ఏమీ జరగలేదు. ఆ సంగతి తెలియడానికే చాలా నెలలు పట్టింది. మొదట చూపించుకున్న ఆస్పత్రిలో ఫాలికల్ స్కాన్ చేయకుండానే ‘ఇంకో నెల చూద్దాం’ అని అదే చీటీ మళ్లీ రాసిచ్చేవారు. దీని మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. పిరియడ్ వచ్చిన ప్రతిసారీ గర్భం రాలేదని ఏడ్చేదాన్ని. అసలు అండమే విడుదల కాని నెలలో గర్భం ఎక్కడి నుంచి వస్తుంది?

తర్వాత మా అక్క తెలిసినవాళ్ల ద్వారా వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె నా ఫైలంతా తిరగేసి అడిగిన మొదటి ప్రశ్న: “నీకు అండం విడుదల కావట్లేదా అమ్మా, లేక విడుదలవుతున్నా గర్భం రావట్లేదా? ముందు ఇది తేలాలి.” నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ప్రశ్నలోనే ఉంది. మొదటిదైతే డోసు పెంచాలి, లేదా మందు మార్చాలి. రెండోదైతే మందు తన పని తాను చేసినట్టే, అడ్డంకి ఇంకెక్కడో ఉంది, దాన్ని వెతకాలి. ఇది తేల్చకుండా నెలలు గడిపేస్తే డబ్బుతో పాటు వయసూ పోతుంది.

తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు. తొమ్మిదో రోజో పదో రోజో మొదలుపెట్టి రోజు విడిచి రోజు స్కాన్ చేస్తారు. ఫాలికల్ 18 నుంచి 20 మిల్లీమీటర్ల దాకా పెరిగిందా, తర్వాత పగిలిందా చూస్తారు. వచ్చే పిరియడ్‌కి వారం ముందు ప్రొజెస్టిరాన్ (అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్) రక్తపరీక్ష చేసినా అండం విడుదలైందో లేదో తెలిసిపోతుంది. అందరూ దీన్ని ఇరవై ఒకటో రోజు పరీక్ష అంటారు గానీ, మనలాగా ముప్పై అయిదు, నలభై రోజుల సైకిల్ ఉన్నవాళ్లకి ఆ రోజున చేస్తే తప్పుడు సమాధానం వస్తుంది. మీ సైకిల్ ఎంతో డాక్టర్‌కి చెప్పి తేదీ అడగండి.

100 ఎంజీకి పెంచాక నాకు ఫాలికల్ పెరిగింది. ఆ స్కాన్ రోజు మా ఆయన ఆస్పత్రి మెట్ల మీదే మా అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పేశారు. కానీ గర్భసంచి లోపలి పొర పలచగా ఉండిపోయింది. క్లోమిఫిన్‌కి ఈ గుణం ఉంది. ఈస్ట్రోజెన్‌ని అడ్డుకుంటుంది కాబట్టి కొందరిలో ఆ పొర సరిగా మందం కట్టదు. వేడి ఆవిర్లు, తలనొప్పి, కారణం లేకుండా చిరాకు నాకు బాగానే వచ్చాయి. చూపు మసకబారినా, కళ్లలో మెరుపుల్లాంటివి కనిపించినా మాత్ర ఆపి వెంటనే డాక్టర్‌ని అడగాలి. నాకు ఆ ఇబ్బంది రాలేదు. అండం విడుదలవుతూ ఆరు సైకిళ్లు దాటినా గర్భం రాకపోతే ఇదే మందు కొనసాగించడం సాధారణంగా మంచిది కాదంటారు.

లెట్రోజోల్ 2.5 ఎంజీతో మొదలైంది. మందుల షాపులో కొన్న రోజునే మా మరిది ఫోన్‌లో చూసి, “వదినా, ఇది రొమ్ము క్యాన్సర్ మందు కదా” అని కంగారుపడ్డాడు. నిజమే, అది మొదట ఆ జబ్బు కోసం వచ్చిన మందే. మన దేశంలో 2011లో గర్భం రావడం కోసం దీన్ని వాడకూడదని ఆపేశారు కూడా. ఆ నిషేధాన్ని 2017లో ఎత్తేశారు. ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారీని కొద్దిరోజులు తగ్గించి, త్వరగా బయటికి వెళ్లిపోతుంది. అందుకే లోపలి పొర మీద దెబ్బ తక్కువ. అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 750 మంది మీద చేసిన పరిశోధన ఫలితాలు 2014లో వచ్చాయి. అయిదు సైకిళ్ల వరకూ వాడితే లెట్రోజోల్‌తో 27.5 శాతం మందికి, క్లోమిఫిన్‌తో 19.1 శాతం మందికి బిడ్డ పుట్టింది. ఇప్పుడు పీసీఓఎస్‌కి మొదటి మందుగా లెట్రోజోల్‌నే అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఆ అంకెల్లో ఇంకో సంగతి చూడండి. మెరుగైన మందుతో కూడా అయిదు సైకిళ్లలో ఎక్కువమందికి బిడ్డ పుట్టలేదు. ‘ఏమైనా విశేషమా?’ అని అడిగేవాళ్ల ముందు తలదించుకోవాల్సిన అవసరం మనకి లేదు.

నాకు లెట్రోజోల్ బాగా సరిపోయింది. కాస్త అలసట, ఒళ్లునొప్పులు తప్ప పెద్ద ఇబ్బంది లేదు. ఫాలికల్ పెరిగేది, పగిలేది, పొర కూడా బాగుండేది. అయినా గర్భం రాలేదు. అప్పుడు డోసు పెంచమని మేం అడగలేదు, పరీక్షలు అడిగాం.

మా ఆయనకి వీర్యపరీక్ష అప్పటిదాకా ఎవరూ రాయలేదు. ఇది చెప్తుంటే బాధగా ఉంటుంది. ఆడవాళ్లకి నెలల తరబడి మాత్రలు మింగించే ముందు మగవాళ్లకి ఈ ఒక్క పరీక్ష చేయించడానికి ఎందుకంత మొహమాటం? వీర్యకణాల కౌంట్ బాగానే ఉంది, వాటి కదలిక కొంచెం తక్కువగా వచ్చింది. వీర్యకణాలు తయారవడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది కాబట్టి సిగరెట్ మానేసిన ఫలితం వెంటనే కనిపించదు, ఓపిక పట్టమన్నారు. నాకు హెచ్‌ఎస్‌జీ (గర్భసంచిలోకి మందు ఎక్కించి, అండం వచ్చే ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే) చేశారు. నొప్పి ఉంది, దాచను. రెండు ట్యూబులూ తెరుచుకునే ఉన్నాయి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్లు కూడా చూశారు.

ఇవన్నీ చేతికొచ్చాక తర్వాతి అడుగు దానంతటదే స్పష్టమైంది. ట్యూబులు మూసుకుపోయి ఉంటే ఐయూఐ దండగ, నేరుగా ఐవీఎఫ్ గురించే మాట్లాడేవాళ్లం. మాత్రలకి అండాశయం అసలు స్పందించకపోతే ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లో, లాపరోస్కోపీలో అండాశయానికి చిన్న రంధ్రాలు చేసే డ్రిల్లింగో ఆలోచించాల్సి వచ్చేది. పీసీఓడీ ఉన్నవాళ్లకి ఆ ఇంజెక్షన్లతో ఒకేసారి చాలా ఫాలికల్స్ పెరిగి, కడుపులో నీరు చేరే ప్రమాదం ఎక్కువ. స్కాన్లు చేయకుండా ఎవరైనా అవి ఇస్తామంటే ఒప్పుకోకండి. మా విషయంలో కదలిక ఒక్కటే కొంచెం తక్కువ కాబట్టి లెట్రోజోల్‌తో పాటు ఐయూఐ ఎంచుకున్నాం.

ఎన్ని ఐయూఐల తర్వాత ఆగాలో మొదటిది చేయించుకోకముందే ఇద్దరం కూర్చుని మాట్లాడుకుని, డాక్టరమ్మకీ చెప్పాం. అది దాటితే ఐవీఎఫ్. దానికి ఎంత అవుతుందో ఇప్పుడే కనుక్కుని కొంత పక్కన పెడుతున్నాం. నాకింకా 35 నిండలేదు కాబట్టి ఇలా ఒక్కో మెట్టూ ఎక్కే వీలుంది. 35 దాటినవాళ్లు ఆరు నెలలు ప్రయత్నించి ఫలితం లేకపోతే పరీక్షలన్నీ భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి రాయమని అడగండి, మాత్రలతో నెలలు గడపకండి.