కాంతియోఁలో ఐరిస్, పోపెరింగెలో హాప్స్ తోటలు

బ్రస్సెల్స్ వెళ్తే కాంతియోఁ అనే బీరు బ్రూవరీకి సగం రోజు ఉంచుకోండి. ఆండర్‌లెక్ట్‌లో ఉంది, మిడీ స్టేషన్ నుంచి నడిచే వెళ్లిపోవచ్చు. 1900 నాటిది, 1978 నుంచి మ్యూజియం కూడా. చేతిలో ఒక పుస్తకం పెట్టి మన మానాన మనల్ని తిరగనిస్తారు, నాకదే బాగా నచ్చింది. పెద్దవాళ్లుంటే మెట్ల దగ్గర జాగ్రత్త. పైన అటక మీద వెడల్పాటి రాగి తొట్టి ఉంటుంది, బీరు కోసం కాచిన ధాన్యపు రసాన్ని అందులో పోసి రాత్రంతా చల్లారనిస్తారు, ఈస్ట్ వేయరు, గాల్లో ఉన్నదే వచ్చి పడి పులుస్తుంది, మన తాటికల్లులాగే. అందుకే చలికాలంలోనే కాస్తారు.

ఇలా గాలికే పులిసిన బీరుని లాంబిక్ అంటారు. మామూలుగా వీళ్ల లాంబిక్‌లో ఏళ్లు నిలవపెట్టిన హాప్స్, అంటే బీరుకి చేదూ సువాసనా ఇచ్చే తీగ పువ్వులు, వేస్తారు. నిలవుంటే ఆ చేదూ సువాసనా తగ్గిపోతాయి, బీరు పాడవకుండా కాపాడే గుణం మాత్రం ఉంటుంది. ఐరిస్ అనే వీళ్ల బీరు వేరు, అడిగి మరీ తాగండి. పాతవి సగం, కొత్తవి సగం వేసి కాస్తారు, రెండేళ్లు చెక్క పీపాల్లో ఉంచుతారు, సీసాల్లో నింపే ముందు రెండు వారాలు కొత్త హాప్స్ గుడ్డసంచిలో కట్టి అందులో నానబెడతారు. ఆ వాసన ఎక్కువ కాలం నిలవదు కదా, రసం దించాక కొత్తిమీర వేసినట్టు చివర్లోనే వేయాలి. మొదటి గుక్కకి చింతకాయ కొరికినట్టు దవడలు లాగాయి. రెండో గుక్కకి నిమ్మతొక్క, పచ్చగడ్డి వాసన, ఆ తర్వాత నాలుక మీద సన్నటి చేదు.

బస మాత్రం స్టేషన్ పక్కన వద్దు. నేను దిగిన చోట రిసెప్షన్‌లో ఎవరూ లేరు, తలుపు కోడ్ పంపలేదు, సూట్‌కేసుతో వానలో నలభై నిమిషాలు నిలబడ్డాను, ఫోన్ ఎత్తరు, ఒకటే టెన్షన్.

మర్నాడు రైల్లో రెండు గంటలు దాటి, హాప్స్ తోటలున్న పోపెరింగె వెళ్లాను. చిన్న ఊరు, ఒక ఇంట్లో గది తీసుకున్నాను, ఇంటావిడ వేడి సూప్ ఇచ్చి, తోటల వైపు దారి కాగితం మీద గీసిచ్చారు. ఒకప్పుడు హాప్స్ తూకం వేసిన భవనమే ఇప్పుడు హాప్ మ్యూజియం, రెండు గంటలైనా పెట్టుకోండి. సెప్టెంబరైతే కోత చూడొచ్చు, ఇంటికంటే ఎత్తుగా తీగలు. ఒక పువ్వు విప్పితే రేకుల మొదట్లో పసుపు పొడి, వేళ్లకి జిగురుగా అంటుకుంది. వాసన చూశాను, ముందురోజు గ్లాసులో ఉన్నదే. మీరు మాత్రం ముందు పోపెరింగె చూసి, ఆ తర్వాతే ఐరిస్ తాగండి.