సూది పీజీ చేతిలో ఉన్నప్పుడు: పంజాగుట్టలో ఒకరోజు వర్క్‌షాప్

పీజీల (పోస్ట్ గ్రాడ్యుయేషన్ చేస్తున్న జూనియర్ డాక్టర్ల) చేత ప్రొసీజర్లు ఎలా చేయించాలో సీనియర్లకు నేర్పే వర్క్‌షాప్‌కి పోయిన ఆదివారం వెళ్లొచ్చాను. ఫీజు 3,500. పంజాగుట్ట మెట్రో దిగి నడిచిపోవచ్చు.

నేను జనరల్ మెడిసిన్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఆ మధ్య మా ఫస్టియర్ పీజీ అమ్మాయి లంబార్ పంక్చర్ (ఎల్‌పీ, అంటే నడుము దగ్గర వెన్నులోకి సూది గుచ్చి ఫ్లూయిడ్ తీయడం) చేస్తుంటే రెండోసారీ ఎముకే తగిలింది. పేషెంట్ ముందే "ఇటివ్వు" అని సూది లాక్కున్నాను. ఫ్లూయిడ్ వచ్చింది. కానీ తర్వాత రెండు నెలలు ఎల్‌పీ అంటే చాలు, ఆ పిల్ల ఏదో పని చెప్పి తప్పుకునేది. అది నన్ను బాగా బాధపెట్టింది.

పొద్దున ప్రొసీజర్లు నేర్పే పేటన్ నాలుగు మెట్ల పద్ధతి. మాట్లాడకుండా చేసి చూపించాలి, వివరిస్తూ చేయాలి, వాళ్లు చెప్తుంటే మనం చేయాలి, చివరికి వాళ్లే చెప్తూ చేయాలి. మూడోది నేనెప్పుడూ చేయించలేదు. బొమ్మ మీద సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి పెట్టే గొట్టం) వేసేటప్పుడు, పీజీగా నటించిన డాక్టరు గబగబా "ఇప్పుడు డైలేటర్ (గొట్టానికి దారి వెడల్పు చేసేది) ఎక్కించండి" అన్నాడు. గొట్టానికి దారి చూపే సన్నటి తీగ, గైడ్‌వైర్, పట్టుకోమని చెప్పనే లేదు. వైరు వదిలేస్తే మొత్తం లోపలికి పోతుంది! ఇలాంటి లోటు పేషెంట్ దాకా వెళ్లకముందే తెలిసిపోతుందన్నమాట.

లోపాలూ ఉన్నాయి. 24 మందికి అల్ట్రాసౌండ్ మెషీన్లు రెండే. ఫీడ్‌బ్యాక్ ఎలా ఇవ్వాలన్నది ఇరవై నిమిషాల్లో చుట్టేశారు. దానికి కనీసం గంటన్నా కావాలి.

మధ్యాహ్నం సెషన్ కోసమైతే మళ్లీ డబ్బు కట్టమన్నా కడతాను. పేషెంట్‌గా కూర్చున్న పెద్దావిడ "ఈ పాపకి కొత్తా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. "నేర్చుకుంటోందమ్మా, నేను పక్కనే ఉంటాను" అని దాచకుండా చెప్పడం అక్కడే సాధన చేశాను. గదిలోకి వెళ్లకముందే పీజీతో మాట అనుకోవాలట: "ఒక్క నిమిషం" అంటే చేయి కదపకుండా ఆగాలి, రెండుసార్లు కుదరకపోతే నేను తీసుకుంటాను.

బుధవారం అదే అమ్మాయితో ఈ మాట అనుకుని ఎల్‌పీకి వెళ్లాం. మొదట ఎముకే తగిలింది. "ఒక్క నిమిషం" అన్నాను. ఆగింది. పేషెంట్‌ని ఇంకాస్త ముడుచుకోమన్నాం. సూదిని చర్మం కిందిదాకా వెనక్కి తీసి, బొడ్డు వైపు గురిపెట్టి మళ్లీ పోనిచ్చింది. నా చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాయి. సూది లోపలి స్టైలెట్ (సన్నటి తీగ) తీయగానే మొదటి చుక్క మెరిసింది. "మేడమ్, బాటిల్!" అంది.